ఎండుకొమ్మలు నరికించిన మాస్టారు

మా అక్క మొగుణ్ణి వీధిలో అందరూ మారోజుల్లో మాస్టారు అంటారు. నోరు తెరిస్తే ముందు ఆ మాటే బయటికొస్తుంది కాబట్టి ఆ పేరు. మా రోజుల్లో కుర్చీలు గట్టిగా ఉండేవి, మా రోజుల్లో వాన పద్ధతిగా కురిసేది, మా రోజుల్లో పిల్లలు దగ్గాలన్నా పెద్దవాళ్ల మొహం చూసేవాళ్లు. ఆ రోజుల్లో నేనూ ఉన్నాను. కుర్చీలు అప్పుడూ కిర్రుమనేవి. పిల్లలు అప్పుడూ ఆయన వీపు వెనక నవ్వేవాళ్లు.

ఆయన కాలేజీలో ప్రాచీన భాష చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడెవరూ మాట్లాడని భాష అది. అందులో మంచినీళ్లు అడిగితే తెచ్చిచ్చే మనిషి భూమ్మీద లేడు. నాది పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని. బడి మధ్యలో మానేసి, పాత పుస్తకాలు విప్పి చూసి, పాడుచేసి, మళ్లీ కుట్టి నేర్చుకున్నాను. బావ చెప్పే భాషలో ఒక్క ముక్క నాకు రాదు. రాకపోయినా ఫర్వాలేదు, ఈ కథలో దాని అవసరం పెద్దగా పడదు.

ఇక్కణ్ణుంచి రాసేదాంట్లో మెచ్చుకోలు తక్కువ. అందుకని మెచ్చుకోవలసింది ముందే చెప్పేస్తాను. బావ ఒకప్పుడు పనివాడు.

పెళ్లైన కొత్తలో వాళ్లు లాండ్రీ షాపు పైన రెండు గదుల్లో ఉండేవాళ్లు. కింద ఇస్త్రీ ఆవిరికి పై గోడలు ఎప్పుడూ చెమ్మగా ఉండేవి. కిటికీ కింద బల్ల, బల్ల మీద ఒకే కావ్యం మూడు పాత అచ్చుల్లో. పడవలు కట్టడం గురించి ఏ కాలంలోనో ఎవరో రాసిన చిన్న కావ్యమది. మూడింట్లోనూ అక్కడక్కడా మాటలు తేడా. ఏది కవి రాసింది, ఏది మధ్యలో ఎత్తి రాసుకున్నవాడి నిద్రమత్తు అన్నది తేల్చడం బావ పని. నేను వెళ్తే తలెత్తేవాడు కాదు.

"ఏంటి బావా, ఇంకా అదే పేజీయా?"

"ఈ మాట ఇక్కడ కూర్చోవడం లేదురా."

"కూర్చోకపోతే నాలుగు తగిలించి కూర్చోబెట్టు."

"బలవంతంగా కూర్చోబెడితే పక్కవి లేస్తున్నాయి. అదీ గొడవ."

ఆ ఒక్క మాట కోసం వానాకాలమంతా గడిచిపోయింది. చివరికి ఏం చేశాడో తెలుసా? ఏటి ఒడ్డుకి వెళ్లి, ప్యాంటు మడిచి బురదలో నిలబడి, పడవలు కట్టే వడ్రంగుల్ని అడిగాడు, పలకకీ పలకకీ మధ్య సందు ఎలా మూస్తారు, ముందు ఏం పెడతారు, తర్వాత ఏం పోస్తారు అని. వాళ్లు చేసి చూపించారు. ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా బల్ల దగ్గర కూర్చుని ఆ మాట తేల్చేశాడు. గదంతా బురద అడుగులు. అక్క తుడుస్తూ తిట్టింది. బావ వినలేదు. ఆ రోజు ఆ మనిషి మొహం చూసి నాకు అసూయ పుట్టింది.

ఆ పుస్తకం సన్నది. నేనే కుట్టాను. కొన్నవాళ్లు తక్కువ, చదివినవాళ్లు ఇంకా తక్కువ. అయినా అది పని. తర్వాత బావ చేసింది పని కాదు.

వాళ్ల గురువుగారు పోయినప్పుడు పత్రికవాళ్లు నాలుగు ముక్కలు రాయమని అడిగారు. రాశాడు. చదివినవాళ్లు కళ్లు తుడుచుకుని ఫోన్లు చేశారు. పడవల పుస్తకానికి ఒక్క ఫోను రాలేదు కదా, ఆ మోతకి బావ చెవులు అలవాటుపడ్డాయి. ఇంకోటి రాయమన్నారు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒకటి. మూడు వరసల్లో కట్టిన గోడలా ఉండేది ప్రతి కాలమూ. పైన జ్ఞాపకం, మధ్యలో పాత కవి, కింద చీవాట్లు. పైన గురువుగారి చిరిగిన కోటు జేబు. మధ్యలో ఎప్పుడో చచ్చిపోయిన కవి చెప్పిన నాలుగు మాటలు. కింద జీతం పెంచమని అడిగిన నర్సులకి అక్షింతలు. ఇంకో వారం పైన హాస్టల్లో చన్నీళ్ల స్నానం, మధ్యలో మళ్లీ ఒక కవి, కింద పిల్లలకి పుస్తకాలు ఊరికే పంచిపెట్టే ప్రభుత్వానికి వాత. పాత కవులతో సుఖమేంటంటే వాళ్లు లేచొచ్చి "నేనలా అనలేదయ్యా" అనలేరు.

రాసేది బావ కాదు, అక్క. బావ చేతిరాత బావకే అర్థం కాదు. చేతులు వెనక్కి కట్టుకుని గోడ నుంచి గోడకి నడుస్తూ చెప్పేవాడు. అక్క బల్ల దగ్గర కూర్చుని రాసేది. "కామా పెట్టు. పేరా మార్చు. కాదు, మార్చకు." వేలు నొప్పిపుట్టి అక్క చెయ్యి విదిలిస్తే ఆ కాసేపూ ఆగేవాడు. అలసిపోయిందని కాదు, ఆలోచన తెగిపోకూడదని.

బావ పాతకాలం మనిషైనందుకు నాకేం కోపం లేదు. అందరూ వేడి జిగురు పోసి నిమిషంలో పుస్తకం అంటించేస్తుంటే నేను ఇవాళ్టికీ సూదీ దారంతో కుడుతున్నాను. పాతది నిలబెట్టాలంటే రోజూ చెయ్యి పెట్టాలి. దారానికి మైనం రాయాలి, అట్ట ఆరేదాకా కాచుకోవాలి, పురుగు పడితే ఏరాలి. బావ పాతదాన్ని పొగిడేవాడు. పొగడటానికి చెయ్యి పెట్టక్కర్లేదు.

ఆదివారం పొద్దున్నే ఆయన ముందుగదిలో జనం చేరేవాళ్లు. వాళ్లందరికీ పెద్ద మందులషాపాయన. వచ్చీరాగానే "మాస్టారూ, ఇవాళ ఉతికి ఆరేశారండీ!" అనేవాడు. ఎవర్ని ఉతికారో ఆయనకి తెలిసేది కాదు, పేపరు ఇంకా మడత విప్పకుండా చంకలోనే ఉండేది.

ఈ మనుషుల మధ్య ఒక అమ్మాయి వచ్చి చాప మీద కూర్చునేది. బస్సు కండక్టరు కూతురు. ఆ భాష బావ దగ్గర చదివినవాళ్లలో చివరిదాకా నిలబడింది ఆ పిల్ల ఒక్కతే. బావ రిటైరయ్యాక క్లాసు ఆమెకే ఇచ్చారు, అదీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం కింద. సైకిల్ స్టాండు పక్కన కారిడార్ చివరి గది ఆ శాఖ. ఒక బీరువా, పొడుగు బల్ల, సగం విరిగిన బోర్డు. బీరువాలో చెదలు పట్టిన పుస్తకాలు నా దగ్గరికి తనే మోసుకొచ్చేది. "బాబాయ్, దీని నడుం విరిగింది, కాస్త నిలబెట్టు" అనేది. ఆ ఏడాది ఉద్యోగం ఖాయం చేస్తారని మాట. ఖాయమైతే ఆ గది ఉంటుంది, ఆ బీరువా ఉంటుంది, నలుగురు పిల్లలైనా ఆ భాష మొదలుపెడతారు. కాకపోతే ఏదీ ఉండదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే బావ ఎండుకొమ్మల కాలమ్ చెప్పాడు. నేను అక్కకి సంచి ఇవ్వడానికి వెళ్లి అక్కడే ఉన్నాను. చిన్నప్పుడు వాళ్ల తాత తోటలో కొమ్మలు కత్తిరించడంతో మొదలుపెట్టి, ఒక కవిని మధ్యలో నిలబెట్టి, కిందకి దిగాడు. ప్రజల సొమ్ముతో బతుకుతున్న పనికిమాలిన శాఖలు చెట్టుకి ఎండుకొమ్మలట. చదివే పిల్లలు లేని చోట జీతాలెందుకట. ధైర్యమున్నవాడు కత్తి తియ్యాలట.

అక్క కలం ఆగింది. "ఏవండీ, ఏ శాఖలు?"

"నువ్వు రాయవే."

"మన కాలేజీలోవి కూడానా?"

"ఎక్కడైనా సరే. కత్తికి చుట్టరికాలుండవు." ఆగి, తన మాట తనకే నచ్చి, "అది రాసుకో. చివర్న పెడదాం" అన్నాడు.

ఆ వారం మందులషాపాయన మరీ ఉప్పొంగిపోయి కత్తి పట్టుకున్నట్టు చెయ్యి గాల్లో ఆడించాడు. బావ వద్దువద్దంటూనే రెండోసారీ ఆడించనిచ్చాడు.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం ఆ అమ్మాయి వచ్చింది. చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడింది. నేను బావ బీరువా తలుపు బిగిస్తున్నాను.

"మాస్టారూ, మన శాఖ ఎత్తేస్తారట. ఇవాళ కాలేజీ మండలిలో మాట వచ్చిందట. మీ కాలమ్ చదివి వినిపించారట."

బావ కుర్చీలో ముందుకి జరిగాడు. "ఏ పేరా చదివారు?"

నా చేతిలో స్క్రూ కింద పడింది.

"ఏ పేరా అయితేనేం బావా, ముంచింది ఎవర్నో అది విను" అన్నాను.

అప్పటికి బావకి ఎక్కింది. "మనదెలా ఎండుకొమ్మ అవుతుందమ్మా? మనది మొదలు మాను కదా! నేనన్నది వేరేవాళ్ల గురించి. ఆ కొత్తకొత్త చదువులున్నాయి చూడు, వాటి గురించి."

"పిల్లలు తక్కువున్న శాఖల లిస్టు తీశారండి. మొట్టమొదట మనదే."

"పిల్లల లెక్క నేనెక్కడ చెప్పాను?"

"మూడో పేరాలో చెప్పారు" అంది అక్క వంటింట్లోంచి. రాసింది తనే కదా.

ఆ అమ్మాయి ఏడవలేదు, బతిమాలలేదు. పనిలా చెప్పింది. వచ్చే మంగళవారం మండలి మళ్లీ కూర్చుంటుంది. ఆలోగా ఒక ఆదివారం ఉంది. "నేనన్నది ఈ శాఖ గురించి కాదు, ఇది ఉండాలి అని మీరు ఒక్క మాట రాస్తే చాలు. మీ మాట పట్టుకునే తీసేస్తున్నారు, మీ మాట మీదే ఉంచుతారు."

బావ లేచి ఆమె నెత్తిన చెయ్యి పెట్టాడు. "ఆదివారం చూడమ్మా" అన్నాడు.

ఆదివారం టీ కొట్టు దగ్గర నిలబడి చూశాను. గురువుగారి గురించి రాయించాడు. పైకప్పు కారే గదిలో వానచుక్కలు పుస్తకం మీద పడకుండా గురువుగారు తన కోటు విప్పి పట్టుకోవడం, ఆ కోటు కింద తలదూర్చి బావ మొదటి పద్యం చదవడం, బయట సైకిళ్లు తడుస్తున్న చప్పుడు. బాగా ఉంది. కాదనను. చేతిలో టీ చల్లారిపోయింది. అడుగుదాకా చదివాను. కాగితం తిప్పి వెనక కూడా చూశాను. శాఖ గురించి లేదు. ఆ పిల్ల గురించి లేదు. ఉంచండి అన్న మాట లేదు.

నేను వెళ్లేసరికి ముందుగది నిండుగా ఉంది. మందులషాపాయన రుమాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు.

"బావా, ఆ పిల్ల సంగతేదీ?"

"అంతా అందులోనే ఉంది. చదవడం తెలిసినవాళ్లకి కనబడుతుంది."

"మండలి వాళ్లకి చదవడం తెలుసా?"

"నువ్వు అట్టలేసుకో బావమరిదీ." గదిలో నవ్వులు.

"వేసుకుంటాలే. కోటు కింద దూరి నువ్వు తడవకుండా ఉన్నావు. బాగానే ఉంది. ఇప్పుడు ఆ పిల్ల మీద ఎవడు పట్టాలి కోటు?"

బావ నన్ను చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయాడు. అక్కడ గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. "మొన్ననే నరకమని, ఈ వారం నా కొమ్మ వదిలెయ్యమంటే అవతలి పత్రికవాళ్లు ఊరుకుంటారట్రా? ఎగతాళి చేసి చంపరూ? ఇన్నేళ్లుగా సంపాదించుకున్న మాట విలువేం కాను?"

"రాయించారు" అంది అక్క. బియ్యం చెరుగుతోంది, తల ఎత్తలేదు. "ఒక్క వాక్యం. ఈ శాఖని కాపాడండి అని. నా చేత రాయించి, పత్రిక కుర్రాడు కింద బెల్లు కొట్టాక కొట్టేయించారు."

రాయడం తెలియక కాదు, మర్చిపోయీ కాదు. రాసి కొట్టేశాడు. ఒకప్పుడు ఒక్క మాట కోసం బురదలో నిలబడిన మనిషి.

మంగళవారం మండలికి బావని ప్రత్యేకంగా పిలిచారు. ముందు వరసలో కుర్చీ వేశారు. అధ్యక్షుడు ఆదివారం వ్యాసాన్ని ఆకాశానికెత్తి, ఇంత గొప్ప చరిత్ర ఉన్న శాఖని మూసేయవలసి రావడం తన జీవితంలో బరువైన రోజు అన్నాడు. అందరూ తలలు వంచుకుని మూసేశారు. ఆ భాష గౌరవార్థం కాసేపు మౌనంగా నిలబడదామన్నారట. నిలబడ్డారు. బావా నిలబడ్డాడు. ఆ అమ్మాయి వెనక తలుపు దగ్గర ముందునుంచీ నిలబడే ఉంది, ఆమెకి కుర్చీ లేదు. తర్వాత టీ, బిస్కెట్లు.

ఆ గదిలో ఇప్పుడు పరీక్షల కుర్చీలు పేర్చారు. తలుపు మీద బావ పేరుతో ఇత్తడి పలక బిగించారు. పలక ఒక పక్కకి వంగిందని బావ రెండుసార్లు వెళ్లి సరిచేయించి వచ్చాడు. బీరువా పుస్తకాలు ఎటు పోయాయని అడిగితే, "ఎక్కడో భద్రంగానే ఉంటాయిలే" అన్నాడు. ఎక్కడో అన్న చోట పుస్తకం ఎన్నాళ్లుంటుందో నాకు తెలుసు.

ఆ అమ్మాయి నెల తిరక్కుండా బస్సుల కంపెనీలో టికెట్ కౌంటర్లో చేరింది. వాళ్ల నాన్న తెలిసినవాళ్ల కాళ్లా వేళ్లా పడి ఇప్పించాడు. ఆ సంగతి విన్న వారమే బావ చేతులు వెనక్కి కట్టుకుని నడక మొదలుపెట్టాడు. తర్వాత అక్క నాకు చెప్పింది.

"శీర్షిక రాసుకో. జీతం రుచి మరిగిన తరం."

అక్క రాసింది.

"నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఉండేది. చురుకైనది. కానీ ఈ కాలపు పిల్లలకి ఓపిక ఉండదు. ఫుల్‌స్టాప్. జ్ఞానం కన్నా నెలాఖరు కవరు ముద్దు..."

అక్క కలానికి మూత పెట్టింది.

"ఏం, సిరా అయిపోయిందా?"

"ఉంది."

"మరి?"

"ఇది నా చేత్తో రాయనండి."

"నీ చేతికేం, చెప్పేది నేను కదా?"

"ఇన్నాళ్లూ నేనూ అదే అనుకున్నాను. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఏమడిగిందో విన్నాను. మీరు కొట్టేయించిన వాక్యం కొట్టింది కూడా ఈ చెయ్యే. ఇంక చాలు."

బావకి అర్థం కాలేదు. భార్యకి ఒంట్లో బాగాలేదనుకున్నాడు. మర్నాడు నా దుకాణానికి వచ్చాడు, ఎప్పుడూ రానివాడు. పీట మీద కూర్చోకుండా, జిగురు గిన్నెలకి కోటు తగలకుండా దూరంగా నిలబడి, "నీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది కదరా, ఓ గంట కూర్చో" అన్నాడు.

"ఏం రాయాలి?"

చెప్పాడు.

"బావా, పడవల పుస్తకం మళ్లీ అచ్చు వేస్తానను. నిద్ర మానేసి కుట్టిపెడతాను. దీనికి మాత్రం నా చెయ్యి రాదు."

"మీ అక్కా తమ్ముళ్లకి తలతిక్క పుట్టుకతోనే వచ్చింది. మా రోజుల్లో అయితే..."

"మీ రోజుల్లో మీ గురువుగారు కోటు విప్పాడు. ఆ రోజులే చెప్తున్నావా?"

బావ కోటు సర్దుకున్నాడు. వెళ్లిపోయాడు. మనసు మారుతుందేమోనని నేను మూర్ఖంగా ఆశపడ్డాను. ఆ ఆదివారం కాలమ్ మామూలుగానే వచ్చింది. ఫోన్లో మాట్లాడితే వాళ్లే రాసుకునే ఏర్పాటు చేశారట పత్రికవాళ్లు. ఫోన్లు మనుషుల్ని పాడుచేస్తున్నాయని ఎన్ని ఆదివారాలు ఏడ్చాడో, ఆ ఫోన్లోనే, కామాలతో సహా, గొంతెత్తి చెప్పాడు. అక్క వంటింటి తలుపు మూసుకుంది.

మొన్న అట్టల గుడ్డ కొనడానికి పక్క ఊరు వెళ్లవలసి వచ్చి బస్టాండుకి వెళ్లాను. కౌంటర్లో ఆ అమ్మాయే ఉంది. అద్దానికి అవతల, చెవి వెనక పెన్ను. నన్ను చూసి నవ్వింది.

"బాబాయ్! ఎక్కడికి?"

చెప్పాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, నోరు నాతో మాట్లాడుతోంది.

"చదువుతున్నావా అమ్మా అవీ ఇవీ?"

"లేదు బాబాయ్. ఇంటికెళ్లేసరికి కళ్లు మూతలు పడతాయి. పుస్తకాలు అటకమీద పెట్టేశాను. మొన్నో పద్యం గుర్తు తెచ్చుకోబోతే సగంలో ఆగిపోయింది. పోనీలే." టికెట్టు చింపి ఇచ్చింది. "మాస్టారికి నా మీద కోపమట కదా. కాలమ్‌లో రాశారట."

"నువ్వు చదివావా?"

"చదవలేదు. మందులషాపాయన పనిగట్టుకుని వచ్చి చెప్పిపోయాడు." చిల్లర అద్దం కింద నుంచి తోసింది. "ఒకటి అడుగుతాను బాబాయ్. మాస్టారు చూపు తగ్గిందని ఇప్పుడు చదవడం లేదు. నేను ఇక్కడున్నాను. ఈ ఊళ్లో ఆ భాష చదవగలిగే మనిషి ఇంకెవరూ లేరు. ఆ సంగతి ఆయనకి తెలుసా?"

"తెలుసమ్మా. వచ్చే ఆదివారం దానిమీదే కాలమ్ చెప్తున్నాడట."

వెనకున్నవాడు నా భుజం మీద తట్టి, బస్సు కదిలిపోతోంది, కబుర్లు తర్వాత పెట్టుకోమన్నాడు. ఆ పిల్ల నా భుజం మీదుగా వాణ్ణి చూసి, "ఎక్కడికండీ?" అంది.